ఓ లేని ఓబ్రయన్

ప్రతి పట్టణానికీ ఏదో ఒక పరాయి దేశంతో రక్తసంబంధం ఉండి తీరాలని ప్రభుత్వం నిర్ణయించిన ఏడాది, లాటరీలో మా జంక్షనుకు ఐర్లండ్ వచ్చింది.

పథకం పేరు ‘ఒక ఊరు – ఒక మూలం’. తమ పూర్వీకుల గుర్తులు వెతుక్కుంటూ దేశాలు తిరిగే యాత్రికులు లోకంలో బోలెడుమంది ఉన్నారనీ, వాళ్ళు వెతుక్కునేవి మన దగ్గర ఉంటే వాళ్ళూ మన దగ్గరికే వస్తారనీ పైవాళ్ళకు ఎవరో చెప్పారట. ‘ఉంటే’ కదా అని అడిగిన ఒకాయన్ను బదిలీ చేశారట. మా పక్క తాలూకాకు డెన్మార్క్ పడింది. అక్కడ డెన్మార్క్ వాళ్ళు ఒక్కరూ లేరు కనుక పని నల్లేరు మీద బండిలా సాగిపోయింది. ఎవరు కావాలనుకుంటే వాళ్ళు డెన్మార్క్ వాళ్ళయిపోయారు. మా ఊళ్ళో మాత్రం దురదృష్టవశాత్తూ నిజమైన ఐరిష్ మనిషి ఒకావిడ ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆవిడ పేరు నోరా ఓబ్రయన్. రైల్వే బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. పిల్లలు మొదట నోరా టీచరనేవారు. అది నోరమ్మ టీచరయింది. తప్పులు దిద్దేటప్పుడు ఆవిడ ధాటి చూసినవాళ్ళు నోరు టీచరని కూడా అన్నారు గానీ ఎదురుగా ఎవరూ అనలేదు. మా గోడకు ఆనుకునే ఆవిడ పెంకుటిల్లు. చామనఛాయ, పిల్లికళ్ళు, సన్నంచు నేతచీర. పొద్దున ఉగ్గాని, రాత్రికి రాగిసంగటి. ఐర్లండును ఆవిడ పటంలో తప్ప చూడలేదు.

ఆవిడ తాత మైకేల్ ఓబ్రయన్ బొగ్గు ఇంజన్ల కాలంలో అక్కడి నుంచి వచ్చి ఇక్కడ డ్రైవరు పని చేశాడు. ఈ ఊరి దేవసహాయమ్మను పెళ్ళాడి, ఈ ఊళ్ళోనే పోయాడు. మార్చి పదిహేడున ఐర్లండులో పెద్ద పండుగ. పాట్రిక్ అనే పుణ్యపురుషుడి రోజు. ఆ రోజు వాళ్ళు షామ్‌రాక్ అనే మూడాకుల మొక్కను చొక్కాకు పెట్టుకుంటారు. ఏటా ఆ రోజు వచ్చేసరికి ఆ మొక్క కోసం మైకేల్ దొరకు ప్రాణం కొట్టుకునేదట. మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? ఒక ఏడు దేవసహాయమ్మ నీళ్ళతొట్టి పక్క తడిలో మొలిచిన పులిచింతాకు తెంపుకొచ్చి ఆయన చేతిలో పెట్టి, “ఇదేనా సూడు, పొద్దన్నుంచీ ఏడుస్తాండావు” అందట. అది అది కాదు. అయితే మూడాకులే. ఆయన చాలాసేపు దాన్నే చూసి, చొక్కా గుండీ దగ్గర పెట్టుకున్నాడట. మిగిలిన ఆకు ఆవిడ కందిపప్పులో వేసిందట. అప్పటినుంచీ అది ఓబ్రయన్ల ఇంటి పండుగ.

ఇప్పుడా ఇంట్లో నోరమ్మ టీచరు ఒక్కతే. పెళ్ళి చేసుకోలేదు, అన్నదమ్ములు లేరు. ఉన్నదల్లా ఆ ఒక్క రోజు. రైల్వే సమాధుల తోటలో తాత సమాధి చుట్టూ పులిచింత పెంచుతుంది. మార్చికల్లా మా ఊళ్ళో బండలే పగులుతాయి. అందుకని శివరాత్రి ముందు నుంచే సాయంత్రం పూట నూనెడబ్బాతో నీళ్ళు మోసి దాన్ని బతికించుకుంటుంది. పదిహేడున పొద్దున్నే పోయి, ఒక రెమ్మ జాకెట్టుకు పిన్నుతో పెట్టుకుని, తాత దగ్గర కాసేపు కూర్చుని, మిగతా ఆకు కొంగులో తెచ్చి పప్పు చేస్తుంది. ఒక గిన్నె గోడ మీదుగా మాకు వస్తుంది. ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు తక్కువే. నేను చెప్పలేదు. పండుగ వాళ్ళది.

పథకం అమలుకు రాజధాని నుంచి ప్రత్యేకాధికారి శేషఫణి గారు వచ్చారు. రాగానే మునిసిపల్ కల్యాణ మండపం ముందు పెద్ద బ్యానరు కట్టించారు: ‘ఉచిత మూల నిర్ధారణ శిబిరం. పట్టణ ప్రజలందరూ వినియోగించుకోగలరు.’

నోరమ్మ టీచరుకు తోడుగా నేనూ వెళ్ళాను. వరస మండపం మెట్లు దిగి, సందు మలుపు దాటి, కిరసనాయిలు డిపో దాకా ఉంది. మా ఊళ్ళో ఇందరు ఐరిష్ వాళ్ళా అని ఆశ్చర్యపోయాను. తీరా చూస్తే ఎక్కువమంది నిలబడే ఉన్నారు తప్ప, కుర్చీలు వేసినా కూర్చోవడంలేదు. కాసేపటికి నాకు అర్థమయింది. వీళ్ళంతా మూలశంకకు మందిస్తారని వచ్చినవాళ్ళు.

“యన్నేండ్ల నుంచి బాధ పెద్దాయనా?” ఆఫీసు గుమాస్తా ఒకాయన్ను అడుగుతున్నాడు. నిజానికి అతను అడగవలసింది ‘ఎన్ని తరాల నుంచి’ అని.

“మా నాయనకూ ఉండె సార్, మా తాతకూ ఉండె. మాది వంశంలోనే ఉండాది.”

గుమాస్తా ‘వంశపారంపర్యం – రుజువైనది’ అని రాసుకున్నాడు.

వాళ్ళ వెనక కూతుర్ని పక్కన నిలబెట్టుకుని ఒక తల్లి. పిల్ల మూలా నక్షత్రంలో పుట్టింది, శాంతి చేయిస్తారేమోనని వచ్చింది. ఆవిడ వెనక మూలికలమ్మే సంచారి ఒకడు, గోతంతో సహా. శేషఫణి గారు ఎవరినీ వెనక్కి పంపలేదు. “ప్రజాస్పందన అనూహ్యం” అని ఫోనులో ఎవరికో చెప్పారు.

మా వంతు వచ్చింది. శేషఫణి గారు మనిషి పొడుగు, మాట ఇంకా పొడుగు.

“సదరు పథకం నిమిత్తం నిపుణుల సంఘం ఒక శాస్త్రీయ ప్రమాణం రూపొందించినదమ్మా. ఐరిష్ ఇంటిపేర్లకు ముందు ‘ఓ’ అను అక్షరం ఉండును. ‘ఓ’ అనగా ఫలానావారి మనుమడు అని భావము. కావున ‘ఓ’ ఉన్నవారు ఐరిష్. లేనివారు కారు. ఇందులో పక్షపాతానికి తావులేదు. మీ కార్డు చూపించండి.”

నోరమ్మ టీచరు రేషను కార్డు చూపించింది. అందులో ‘బ్రయన్ నోరమ్మ’ అని ఉంది.

“మీకు ‘ఓ’ లేదు కదమ్మా.”

“ఉండె నాయనా. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు మీవాళ్ళు దాన్ని సున్నా అనుకున్నారు. పేర్లో అంకెలు ఉండగూడదని కొట్టేసినారు.”

“సున్నా అయితే విలువ లేనట్టే కదా.”

“అది సున్నా గాదు నాయనా, ఓ.”

“కార్డులో లేనిది ఓ అయినా ఒకటే, సున్నా అయినా ఒకటే.”

“నేను మైకేల్ ఓబ్రయన్ మనవరాల్ని. ఆయన సమాధి అదో, ఆ రైలుకట్ట అవతల ఉండాది. పేరు రాతి మీద చెక్కి ఉండాది. ‘ఓ’తో సహా!”

“అయితే ఆయన ఐరిష్,” అని శేషఫణి గారు వెంటనే ఒప్పుకున్నారు. “వారు దరఖాస్తు చేసుకుంటే తప్పక పరిశీలిస్తాం.”

తోడు వచ్చినదాన్ని కదా, పనిలో పనిగా నన్నూ అడిగారు. ఇంటిపేరు చెప్పాను. ఓరుగంటి.

ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నాకూ మావారికీ అక్కడికక్కడే కార్డులిచ్చారు. ఆకుపచ్చ దారంతో మెడలో వేసుకునేవి. నా పేరు ‘శ్రీమతి ఓ’రుగంటి ఇందుమతి’ అని అచ్చయి ఉంది, కామా పైన వేలాడుతూ.

అహోబిలం నరసింహస్వామి దయవల్ల మా ప్రాంతంలో ఓబులేసులకూ ఓబన్నలకూ ఓబులమ్మలకూ కొదవలేదు. సాయంత్రానికి సగం ఊరు ఐరిష్ అయింది. ఐరిష్ వారసుల మండలి ఏర్పడింది. వేరుశనగ మిల్లు యజమాని ఓ’బుళరెడ్డి అధ్యక్షుడు. ఇంగ్లీషు ఉత్తరం వస్తే చదవడానికి ఎవరో ఒకరు ఉండాలని నన్ను ఉపాధ్యక్షురాలిని చేశారు.

ఇంటికి వచ్చేసరికి మావారు కార్డు మెడలో వేసుకుని అద్దం ముందున్నారు. కరెంటాఫీసులో ఇరవై ఏళ్ళుగా ఆయన్ను ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇప్పుడు ఐరిష్.

“నాకు చిన్నప్పట్నుంచీ ఆలుగడ్డ ఇష్టం కదా. అప్పుడే అనుమానం రావల్సింది,” అన్నారు.

అత్తయ్య పడక్కుర్చీలోంచి తల ఎత్తింది. “ఒరే, ఆ ఐరిష్ వాళ్ళది ఏ శాఖరా? నియోగులా, వైదికులా?”

“వాళ్ళలో అవి లేవమ్మా.”

“గోత్రమన్నా ఉండాదా లేదా?”

“కనుక్కుంటాలే.”

“ముందు కనుక్కుని తర్వాత మెడలో వేసుకో. అల్లుడికేం చెప్పేది?”

ఇక ఊరు సన్నాహాల్లో పడింది. ఐరిష్ వారి రంగు ఆకుపచ్చ అని నిపుణుల సంఘం చెప్పింది కనుక బస్టాండు, నీళ్ళట్యాంకు, గడియార స్తంభం, గడియారంతో సహా ఆకుపచ్చ అయ్యాయి. అప్పటినుంచి ముల్లు కనిపించక టైము పోయింది. హోటల్లో ఇడ్లీ పాలకూర రసంతో పోశారు. ఐరిష్ వారి జుట్టు ఎర్రగా ఉంటుందని తెలిసి మండలి సభ్యులు తలలకు గోరింటాకు పట్టించారు. ఓ’బుళరెడ్డి మీసాలకు కూడా పట్టించాడు. చేతులు కదపకుండా కాళ్ళతో మాత్రమే ఆడేది ఐరిష్ నాట్యమని ఎవరో చూపిస్తే, మా చెక్కభజన దళాన్ని పిలిచి చేతులు నడుముకు తువ్వాళ్ళతో కట్టేశారు. చెక్కలు మోగలేదు.

“చప్పుడు లేకుండా చెక్కభజన ఏంది సార్?” అని దళం పెద్ద అడిగాడు.

“అదే అంతర్జాతీయ ప్రమాణం,” అన్నారు శేషఫణి గారు.

ఐర్లండు నుంచి ముఖ్య అతిథి వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. తమ దేశం నుంచి వెళ్ళిన రైల్వే పనివాళ్ళ సమాధుల మీద పుస్తకం రాస్తున్న మనిషి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ‘సియోభన్’ అన్నట్టు ఉంది. ఆ పేరు ఎలా పలుకుతారో నాకు తెలియలేదు. తెలుసుకుందామని అన్నాను. ఎందుకు మేడం, తేటతెల్లంగా ఉంది అని శేషఫణి గారు ఊరంతా ఫ్లెక్సీలు పెట్టించారు: ‘శ్రీ శోభన్ కెల్లీ గారికి ఘన స్వాగతం’. సూటు కొలత తెలియక శాలువా కొన్నారు.

అతిథి సమాధులు చూడాలన్నారు కనుక సమాధుల తోట ‘వారసత్వ మండలం’ అయింది. ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం నోరమ్మ టీచరు నీళ్ళడబ్బాతో వెళ్ళి, నిండు డబ్బాతోనే తిరిగి వచ్చింది.

“పీకేసినారు ఇందూ,” అంది గోడ దగ్గర నిలబడి.

“ఏం పీకేశారు టీచర్?”

“పులిచింతంతా. కలుపంట. వేర్లతో పెరికి ట్రాక్టరుకెత్తినారు. ఆడ ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరుస్తాండారు. మా తాత మీద కూడా.” డబ్బా కింద పెట్టింది. “పదిహేడో తేదీ లోపలికి పోవల్లంటే కార్డు ఉండాలంట. లేనివాళ్ళను రానీరంట.”

తెల్లవారి ఇద్దరం మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాం. ఆ మొక్క కలుపు కాదనీ, ఐరిష్ వాళ్ళ మూడాకుల మొక్కకు బదులుగా వాళ్ళ ఇంట్లో వాడుకుంటూ వచ్చినదనీ నేను విడమరిచి చెప్పాను. శేషఫణి గారు శ్రద్ధగా విన్నారు.

“మూడాకులా? మాకు తెలుసు మేడం. త్రిదళం. తదనుగుణంగా ఏర్పాట్లు కూడా పూర్తయినవి. రెండు బస్తాల మారేడు పత్రి తెప్పిస్తున్నాం. పురోహితులను కూడా మాట్లాడాం.”

“పాట్రిక్ పండక్కి మారేడు దళమేంది నాయనా?” అంది నోరమ్మ టీచరు.

“మూడాకులా కాదా?”

“మూడాకులే.”

“మరి?”

నోరున్న నోరమ్మ టీచరు గొంతు తగ్గించడం నేను ఆ ఒక్కసారే విన్నాను.

“పోనీ నన్ను లోపలికి పోనీండి. ఏమీ అడగను. మా తాత దగ్గర కాసేపు కూర్చుని వస్తా. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఒక్క ఏడూ తప్పలా.”

శేషఫణి గారు నొచ్చుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. “అమ్మా, మీ మనోభావాల పట్ల మాకు సంపూర్ణ గౌరవం ఉంది. కానీ ఆ రోజు అక్కడ ఐరిష్ వారు తమ పూర్వీకులను స్మరించుకుంటారు. మధ్యలో బయటివారు ఉంటే వారికి ఇబ్బంది.”

ఆ రాత్రి నేను కార్డు వెనక సన్నని అక్షరాల్లో ఉన్న నిబంధనలు చదివాను. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు పప్పు డబ్బా మీద రాసింది కూడా పూర్తిగా చదివే అలవాటు ఉంటుంది. చివరి నిబంధన ఇలా ఉంది: ‘కార్డుదారు తమ వెంట ఒక సహాయకుని/సహాయకురాలిని తెచ్చుకొనవచ్చును. సదరు సహాయకులు ఐరిష్ కానవసరము లేదు.’

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. కిందటేడు నోరమ్మ టీచరు నాకొక గులాబీ అంటు ఇస్తే, దాని మట్టిలో పులిచింత వచ్చింది. నేను ఎన్నిసార్లు పీకినా పోక, చివరికి తులసికుండీలోకి కూడా పాకింది. అత్తయ్య రోజూ దాన్ని చూపించి నా శుభ్రత గురించి మాట్లాడుతుంది. మర్నాటి నుంచి నేను దాన్ని పీకడం మానేసి, నీళ్ళు పోశాను.

“తులసమ్మకు పోసే నీళ్ళు కలుపుకు పోస్తావేమే?” అంది అత్తయ్య.

“అది మన పూర్వీకులది అత్తయ్యా,” అన్నాను.

పదిహేడు వచ్చింది. నేను ఆకుపచ్చ ధర్మవరం పట్టుచీర కట్టుకున్నాను. నోరమ్మ టీచరు ఎప్పటి నేతచీరలోనే వచ్చింది. నా చేతిసంచి ఆవిడ భుజానికి తగిలించబోయాను. నాకు చేతులు రాలేదు. ఆవిడే లాక్కుంది.

“ఇటియ్యి. పనిమనిషి చేతులూపుకుంటా వస్తే నమ్ముతారా?”

తోట గేటు దగ్గర కాపలా ఎల్లప్ప. రైల్వే బడిలో ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. చూడగానే తల వంచుకున్నాడు.

“టీచరమ్మా, నువ్వెవురో నాకు తెలీదా? నన్ను బెంచీ ఎక్కించింది గూడా గుర్తుండాది. కానీ కార్డు అడగమన్నారు.”

“అడగరా. అడగమన్నప్పుడు అడగల్ల. స్పెల్లింగైతే నేర్వలేదు గానీ ఇదన్నా నేర్చినావు.”

“ఈవిడ నా సహాయకురాలు,” అన్నాను కార్డు చూపిస్తూ.

ఎల్లప్ప నన్నూ ఆవిడనూ చూసి, “పోండి తల్లీ,” అని గేటు బార్లా తెరిచాడు.

మావారు వెనకాల వస్తున్నారు. అప్పుడే ఆటోలోంచి ఒక విదేశీ స్త్రీ దిగింది. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. నేరుగా గేటు దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో తన పేరు చెప్పింది. “శివాన్ కెల్లీ.”

ఎల్లప్ప జాబితా చూశాడు. “శివాన్ లేదు తల్లీ. శోభన్ ఉండాడు. ఆయన మొగాయన. ఇంకా రాలేదు.”

నాకు అప్పుడు అర్థమయింది. ఆ అక్షరాలను వాళ్ళు అలా పలుకుతారన్నమాట. చెప్పబోయాను. ఎల్లప్ప నన్ను ఆగమన్నాడు. ఇచ్చిన ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా పాటించేటప్పుడు మనిషికి వచ్చే గాంభీర్యం ఒకటి ఉంటుంది. అది అతని ముఖంలో ఉంది.

“ఇంటిపేరేంది? కెల్లీనా? ‘ఓ’ లేదే. ఓ లేనివాళ్ళు ఐరిష్ కాదు తల్లీ. లోపలికి పంపేదానికి లేదు.”

ఈ మాట నేను ఆవిడకు ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. ఆవిడ పాస్‌పోర్టు తీసింది. ఎల్లప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది ఐర్లండోళ్ళిచ్చింది. మనోళ్ళిచ్చిన కార్డు గావల్ల,” అన్నాడు.

వెనక ఓబన్నలూ ఓబులమ్మలూ తోసుకొస్తున్నారు. ఎండ ముదురుతోంది. మావారు గొంతు సవరించుకున్నారు. “నాకూ ఒక సహాయకురాలు ఉండొచ్చు కదా.”

“ఉండచ్చు సార్. ఈమె మీ తాలూకానా?”

“మా తాలూకానే,” అన్నారు మావారు. నా వైపు మాత్రం చూడలేదు.

అలా ఆ ఉదయం ఐర్లండు నుంచి వచ్చిన ఐరిష్ మనిషీ, ఐర్లండు మనవరాలూ ఓరుగంటి వారి పనివాళ్ళుగా సమాధుల తోటలోకి అడుగుపెట్టారు.

లోపల షామియానా. వేదిక మీద మధ్య కుర్చీ ఖాళీ. దాని వీపుకు ‘శ్రీ శోభన్ కెల్లీ’ అని చీటీ. పురోహితులు మారేడు దళాలతో ఎవరికో అర్చన చేస్తున్నారు. చేతులు కట్టేసిన చెక్కభజన దళం చెమటలు కక్కుతూ, చప్పుడు చేయకుండా గెంతుతోంది. శేషఫణి గారు మైకు ముందు నిలబడ్డారు.

“ఐరిష్ సోదర సోదరీమణులారా! ముఖ్య అతిథి శోభన్ గారు మార్గమధ్యంలో ఉన్నారు. వారు విచ్చేయులోగా మూలాలు మరచిన జాతి ఎట్లు మోడువారునో రెండు మాటలు మనవి చేస్తాను.”

సహాయకుల స్థలం చివర, భోజనాల దగ్గర. దానికవతల సమాధులు. మేం ముగ్గురం అక్కడికి పోయాం. మైకేల్ ఓబ్రయన్ సమాధి మీద ప్లాస్టిక్ గడ్డి మెడదాకా కప్పిన దుప్పటిలా ఉంది. పేరు మాత్రం బయటికి కనిపిస్తోంది. శివాన్ కెల్లీ రాతి ముందు కూర్చుని ఆ పేరు వేలితో తడిమింది. నోరమ్మ టీచరు నిలబడే ఉంది. గడ్డి అంచు కాలితో ఎత్తి చూసింది. కింద ఉత్త మట్టి.

“ఏమీ లేదు ఇందూ,” అంది. “పెట్టుకునేదానికి ఒక్క రెమ్మ గూడా లేదు.”

“నా సంచి మీ దగ్గరే కదా టీచర్ ఉంది. తెరవండి.”

తెరిచింది. తడిగుడ్డలో చుట్టిన పులిచింత, వేర్లతో సహా. ఆవిడ జాకెట్టుకు ఒక రెమ్మ పిన్నుతో పెట్టుకుంది. ఇంకో రెమ్మ శివాన్ చొక్కాకు పెట్టింది. ఆవిడ ఆకును దగ్గరగా చూసి, ఇది షామ్‌రాక్ కాదే అంది.

“కాదు,” అంది నోరమ్మ టీచరు బడిలో చెప్పే ఇంగ్లీషులో. “మా తాతకూ తెలుసు. తిను.”

శివాన్ నోట్లో వేసుకుంది. పులుపుకు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. చిన్నప్పుడు బడికి పోయే దారిలో, చెట్లకింద ఇలాంటి పుల్లటి ఆకే కోసుకు తినేవాళ్ళమనీ, ఇంటికెళ్ళాక నాలుక చూసి అమ్మ తిట్టేదనీ చెప్పింది. తాతను ఏమని పిలిచేవాళ్ళు అని అడిగింది. నోరమ్మ టీచరు చెప్పడం మొదలుపెట్టింది. దేవసహాయమ్మ, నీళ్ళతొట్టి, కందిపప్పు, అన్నీ. మైకులో శేషఫణి గారు మూలాల గురించి ఇంకా చెబుతూనే ఉన్నారు కనుక మాకు కొన్ని మాటలు వినిపించలేదు.

ఎవరో చూసి చెప్పారు కాబోలు, ఆయనే పరుగున వచ్చారు. “సహాయకులు భోజనాల దగ్గర ఉండాలి! ఇక్కడ ఎందుకున్నారు?”

“సార్, శివాన్ కెల్లీ అంటే ఈవిడే,” అన్నాను.

శేషఫణి గారు ఆవిడ వైపు చూశారు. వేదిక మీది చీటీ వైపు చూశారు. పొరపాటు ఆయన ముఖం దాకా వచ్చి, లోపలికి పోలేక తిరిగి వెళ్ళిపోవడం నేను స్పష్టంగా గమనించాను.

“ఓహో! శోభన్ గారి శ్రీమతి గారా! నమస్తే మేడం, నమస్తే. సార్ రాలేదా?”

ఆవిడను ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చోబెట్టి బొట్టు పెట్టి, జాకెట్టుగుడ్డ ఇచ్చారు. శాలువా మాత్రం ఓ’బుళరెడ్డికి కప్పారు. మర్నాటి నివేదికలో ‘ముఖ్య అతిథి శ్రీ శోభన్ కెల్లీ గారు అనివార్య కారణాల వల్ల రాలేకపోయినను, వారి సతీమణి హాజరై ఏర్పాట్లను కొనియాడినారు’ అని ఉంది. పథకం విజయవంతమైంది. శేషఫణి గారికి పదోన్నతి వచ్చి, పోర్చుగల్ పడిన ఊరికి వెళ్ళారు.

నోరమ్మ టీచరు ఆ ఏడు పప్పు చేయలేదు. ఇద్దరు పెట్టుకోవడానికి సరిపోయిన ఆకు, పప్పుకు చాలలేదు. మిగిలిన వేర్లు తాత తలాపున ప్లాస్టిక్ అంచు ఎత్తి నాటి వచ్చింది. మర్నాటి నుంచి తోటకు తాళం. కార్డు ఉన్నవాళ్ళకే తాళంచెవి, సహాయకుల నిబంధన ఆ ఒక్క పండుగ రోజుకేనట. కార్డున్న ఓబన్నలెవరూ అటు పోలేదు. సాయంత్రాలు ఆవిడ నీళ్ళడబ్బా గోడ పక్కనే ఉండిపోయింది.

జూన్‌లో వానలు పడ్డాయి.

పులిచింతను పెరికినవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. దాని కాయ ముట్టుకుంటే పగిలి, గింజలు చింది దూరంగా పడతాయి. ఎంత గట్టిగా పీకితే అంత దూరం. ఆ రోజు ట్రాక్టరు సమాధుల తోట నుంచి బయల్దేరి, రైలుగేటు దాటి, బస్టాండు మీదుగా, మునిసిపల్ ఆఫీసు పక్క ఖాళీస్థలందాకా దారి పొడవునా రాలుస్తూనే పోయింది. వాన తడికి ఆ దారంతా మొలిచింది. ఆకుపచ్చ రంగు పూసిన బస్టాండు గోడ అప్పటికే పెచ్చులూడుతుంటే, దాని మొదట్లో నిజమైన ఆకుపచ్చ లేచింది. ఆఫీసు మెట్ల సందుల్లో, కమిషనరు గారి కారు చక్రాల మధ్య, ప్లాస్టిక్ గడ్డి అతుకుల్లోంచీ వచ్చింది.

ఐరిష్ వారసుల మండలికి మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ‘పులిచింత అను కలుపు జాతి వారసత్వ మండలమునూ, పట్టణ ప్రధాన రహదారినీ ఆక్రమించినందున, మందు కొట్టి నిర్మూలించుటకు మండలి వారి అభిప్రాయము కోరడమైనది.’ అధ్యక్షుడు ఓ’బుళరెడ్డి మిల్లు పనిలో ఉన్నాడు. “నువ్వే ఏదో ఒకటి రాసెయ్యమ్మా, ఐరిష్ గొడవ నాకు దిగిపోయింది,” అన్నాడు. మీసాలు కూడా మామూలు రంగుకు వచ్చాయి.

నేను వాళ్ళ భాషలోనే రాశాను.

‘సదరు మొక్క మా పూర్వీకులది. నిర్మూలించరాదు. వేసవిలో నీళ్ళు పోయవలెను. దాని ఆలనాపాలనా నిమిత్తము, అందులో అనుభవము గల బ్రయన్ నోరమ్మ గారిని, వారు ఐరిష్ కాకపోయినప్పటికీ స్థానికురాలైనందున, సమాధుల తోట సంరక్షకురాలిగా నియమించి తాళంచెవి అప్పగించవలసినదిగా మండలి తీర్మానించినది. ఇట్లు, ఓ’రుగంటి ఇందుమతి, ఉపాధ్యక్షురాలు.’

అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఐరిష్ వాళ్ళ మాట కదా. వారంలో ఎల్లప్ప తాళంచెవి తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం గోడ మీద గిన్నె చప్పుడయింది. మార్చి కాదు, పండుగ కాదు. వేడి వేడి పులిచింతాకు పప్పు. గోడ అవతల నోరమ్మ టీచరు, జాకెట్టుకు మూడాకుల రెమ్మ, నడుముకు తాళంచెవి.

“ఏమమ్మా ఓ’రుగంటమ్మా, మీ తాతల ఆకు. తిని చెప్పు, ఎట్లుండాది?”

వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను.

“ఉప్పు ఒక పిసరు తక్కువైంది టీచర్.”

ఆవిడ పిల్లికళ్ళు పెద్దవయ్యాయి. “ఎప్పుడూ ఇంతే గదా వేసేది!”

“ఎప్పుడూ తక్కువే.”

“మరి ఇన్నేండ్లూ చెప్పలేదేమే?”

“ఇన్నేళ్ళూ నేను ఐరిష్ కాదు కదా,” అన్నాను.